పిల్లల నవలలు: ఎవరి బలంతో గెలుపు?

పిల్లలచేత ఏ నవలలు చదివించాలన్న ప్రశ్న పైకి చాలా అమాయకంగా కనిపిస్తుంది. అడిగినవారికి మనం మనకు నచ్చిన నాలుగు పుస్తకాల పేర్లు చెప్పి, ఇవి చదివితే పిల్లలకు ఉత్తేజం కలుగుతుంది అంటాం. ఉత్తేజం దేనికి అని ఎవరూ అడగరు. జీవితంలో గెలవటానికి అన్న సమాధానం అందరి మనసుల్లోనూ సిద్ధంగా వుంటుంది కాబట్టి అడగవలసిన అవసరం కనిపించదు. అయితే ఎవరిమీద గెలవాలి, ఎవరి సహాయంతో గెలవాలి అన్న విషయంలో పిల్లల నవల నూట యాభై ఏళ్ళకు పైగా రెండు దారుల్లో నడుస్తూ వచ్చింది. నేను విద్యార్థులకూ తోటి ఉపాధ్యాయులకూ తరచు చెప్పే పుస్తకాలు రెండో దారిలోవి. అవి ఏమిటో, ఎటువంటి చరిత్రలోనుంచి పుట్టాయో, వాటిలో నాకు మింగుడుపడని భాగం ఏదో ఇక్కడ చెప్పదలిచాను.

మొదటి దారి వేసింది పందొమ్మిదో శతాబ్దపు పెట్టుబడిదారీ సమాజం. 1859లో ఇంగ్లండులో శామ్యూల్ స్మైల్స్ రాసిన ‘సెల్ఫ్ హెల్ప్’ వెలువడింది. అది నవల కాదు. శ్రమా, పట్టుదలా, పొదుపూ వుంటే ఎంతటి పేదవాడైనా పైకి రావచ్చునని గొప్పవాళ్ళ జీవితాలనుంచి ఉదాహరణలు తీసి చెప్పిన పుస్తకం. తొమ్మిదేళ్ళ తర్వాత, 1868లో, అమెరికాలో హొరేషియో ఆల్జర్ ‘రాగెడ్ డిక్’ అనే నవలలో ఇదే నీతికి పిల్లల కథ రూపం ఇచ్చాడు. న్యూయార్కు వీధుల్లో బూట్లు పాలిష్ చేసుకునే అనాథ కుర్రవాడు డిక్. నిజాయితీపరుడు, చలాకీ అయినవాడు. చదువు నేర్చుకుంటాడు, డబ్బు దాచుకుంటాడు. అంతవరకూ బాగానే వుంది. కాని అతనికి గుమాస్తా ఉద్యోగం వచ్చింది చదువువల్లా కాదు, దాచుకున్న డబ్బువల్లా కాదు. పడవమీదనుంచి నీళ్ళలో పడ్డ ఒక పిల్లవాణ్ణి డిక్ దూకి రక్షిస్తాడు. ఆ పిల్లవాడి తండ్రి ధనవంతుడు కావటంతో ఉద్యోగం ఇస్తాడు! స్వశక్తి సిద్ధాంతాన్ని ప్రచారం చెయ్యటానికి పుట్టిన నవల, కథ ముగించటానికి ధనికుడి దయమీద ఆధారపడక తప్పలేదు. డిక్‌తోపాటు అదే వీధిలో బూట్లు తుడిచిన మిగతా కుర్రవాళ్ళ సంగతి ఏమైందన్న ప్రశ్నకు ఈ పద్ధతి నవలలో చోటు లేదు. ఈనాడు బస్‌స్టాండు పుస్తకాల దుకాణాల్లో వరసగా పేర్చివుండే విజయ రహస్యాల పుస్తకాలు ఈ డిక్‌కు మనవలే. మన విద్యార్థులు వాటిని శ్రద్ధగా చదివి, పరీక్ష పోయినా ఉద్యోగం రాకపోయినా తప్పంతా తమలోనే వుందని నమ్ముతున్నారు. పిల్లల పుస్తకాల ప్రశ్న నాకు చిన్నదిగా కనిపించకపోవటానికి ముఖ్యమైన కారణం ఇదే.

రెండో దారి కూడా ఆ కాలంలోనే మొదలైంది. ఫ్రెంచి రచయిత ఎక్టర్ మాలో 1878లో ‘కుటుంబం లేనివాడు’ అనే నవల ప్రకటించాడు. దీని కథానాయకుడు రెమీ కూడా అనాథే. పెంచిన తల్లి దగ్గర సుఖంగానే వుంటాడు. ఆమె భర్త పారిస్‌లో రాతిపని చేస్తూ ప్రమాదంలో దెబ్బతింటాడు. నష్టపరిహారం కోసం దావా వేసి ఓడిపోతాడు. దావా ఖర్చుకు ఇంట్లో వున్న ఒక్క ఆవూ అమ్ముడుపోతుంది. ఆ తర్వాతనే అతడు ఆ పిల్లవాణ్ణి ఊరూరా తిరిగి ఆటలాడించే ముసలివాడికి నలభై ఫ్రాంకులకు అప్పగిస్తాడు. దుర్మార్గుడైన పెంపుడు తండ్రి మనకు కథల్లో కొత్త కాదు. ఆ దుర్మార్గం వెనక ఒక పని ప్రమాదమూ, ఒక కోర్టు తీర్పూ వున్నాయని పిల్లల నవలలో చెప్పటం కొత్త. తర్వాత రెమీ బొగ్గుగనిలో పని చేస్తుండగా గనిలోకి నీళ్ళు వస్తాయి. చిక్కుకుపోయిన కార్మికులు రోజుల తరబడి చీకట్లో ఒకర్నొకరు పట్టుకుని బతుకుతారు. ఆ అధ్యాయాలకోసమైనా ఈ నవల చదవాలంటాను. చివరకు రెమీ గొప్పింటి బిడ్డ అని తేలటం మాత్రం ఆ కాలపు పాఠకులకు మాలో చెల్లించిన పన్ను.

గోర్కీకి వచ్చేసరికి ఆ పన్ను రద్దయింది. ‘నా బాల్యం’ 1913-14లో వెలువడింది. 1905 విప్లవం అణిగిపోయిన తర్వాత ఇటలీలోని కాప్రి దీవిలో ఏళ్ళ తరబడి ప్రవాసంలో గడిపిన మనిషి, తన ఊరిలోని రంగుల అద్దకపు ఇంటిని మళ్ళీ కళ్ళముందు నిలబెట్టుకున్నాడు. తాత కషీరిన్ మనవణ్ణి స్పృహ తప్పేటట్టు బెత్తంతో కొడతాడు. తర్వాత మంచం పక్కన కూర్చుని, తాను కుర్రతనంలో వోల్గా ఒడ్డున నడుస్తూ పడవలు లాగిన రోజులు చెబుతాడు. అక్షరాలు నేర్పినవాడూ ఈ తాతే. ఈ తాతను అసహ్యించుకోవాలో, జాలిపడాలో పాఠకుడికి వెంటనే తెలియదు. తెలియకపోవటమే మంచిది. పీడన పీడితుణ్ణి ఏ విధంగా పీడకుణ్ణి చేస్తుందో ఇంతకంటె స్పష్టంగా చెప్పిన సిద్ధాంత గ్రంథం నేను చదవలేదు. పన్నెండేళ్ళ పిల్లవాడికి అర్థమయ్యేటట్టు చెప్పినది అసలే లేదు.

దీని రెండో భాగం 1916లో వచ్చింది. తల్లి చనిపోగానే తాత పిల్లవాణ్ణి బతుకుతెరువు చూసుకోమని పంపించేస్తాడు. చెప్పుల దుకాణం, డ్రాయింగులు గీసేవాడి ఇల్లు, వోల్గామీద నడిచే స్టీమరు, దేవుడి పటాలు వేసే కార్ఖానా – ఇవీ అతని తరగతులు. స్టీమరులో అతడు అంట్లు కడుగుతుంటే స్మూరీ అనే వంటవాడు తన పెట్టెలోని పుస్తకాలు తీసి చదవమంటాడు. భారీ మనిషి, కోపిష్ఠి. పెట్టెలోని పుస్తకాలన్నీ మంచివేమీ కావు. అయినా చదవమని గదుముతాడు. పటాల కార్ఖానాలో కుర్రవాడు లేర్మొంతవ్ కావ్యం పైకి చదువుతుంటే పనివాళ్ళు కుంచెలు పక్కన పెట్టి చుట్టూ మూగుతారు. గోర్కీని రచయితను చేసిన ఈ మనుషుల్లో ఒక్కడూ ధనికుడు కాడు, ఒక్కడూ అతనికి ఉద్యోగం ఇప్పించలేదు. వాళ్ళు తమ బతుకుల్లోనుంచి బయటపడలేదు కూడాను. ఆల్జర్ నవలకూ దీనికీ తేడా తరగతిలో వివరించటానికి నేను సాధారణంగా ఈ వంటవాణ్ణే ఉదాహరణగా తీసుకుంటాను. ఇది పిల్లల పుస్తకం కాదు, ఇందులో క్రౌర్యం ఎక్కువ అని కొందరు ఉపాధ్యాయులు అభ్యంతరం చెబుతారు. ఏడెనిమిదేళ్ళవాళ్ళకు ఇమ్మని నేనూ అనను. పన్నెండు పదమూడేళ్ళకు మన పిల్లలు ఈ క్రౌర్యాన్ని వీధిలోనూ, కొందరు ఇంట్లోనూ చూసేవుంటారు. చూసినదానికి అర్థం చెప్పే పుస్తకం వాళ్ళకు అందకుండా చెయ్యటంలో రక్షణ ఏముంది?

క్రౌర్యం లేకుండా, నవ్విస్తూ, ఇదే పని చేసిన నవల కావాలంటే ఎరిక్ కెస్ట్‌నర్ 1929లో జర్మనీలో రాసిన ‘ఎమిల్ – డిటెక్టివులు’ వుంది. నా మటుకు నాకు పిల్లల నవలల్లో మొదటి స్థానం దీనికే. ఎమిల్ తండ్రి లేనివాడు. తల్లి ఇంట్లోనే ఆడవాళ్ళకు జుట్టు కడిగి ముస్తాబుచేసి సంపాదిస్తుంది. అమ్మమ్మకు ఇవ్వమని ఆమె దాచిన డబ్బు కుర్రవాడికిచ్చి బెర్లిను రైలెక్కిస్తుంది. మొత్తం 140 మార్కులు. రైల్లో నిద్రపోతుండగా ఒకడు ఆ డబ్బు కాజేస్తాడు. ఎమిల్ పోలీసుల దగ్గరకు వెళ్ళడు, తన ఊళ్ళో ఒక విగ్రహానికి రంగు పూసినందువల్ల తనను పట్టుకుంటారని అతని భయం. దొంగ వెంట తాను ఒక్కడే పడతాడు. అక్కడ గుస్టావ్ అనే వీధి కుర్రవాడు తటస్థపడతాడు. ఈల వేసినంత తేలికగా పిల్లల దండు తయారవుతుంది. చివరకు దొంగను వందమంది పిల్లలు చుట్టుముట్టి నడుస్తారు. వాణ్ణెవరూ కొట్టరు. వాడు ఎటు పోతే అటు పోతారు, అంతే. నోట్లను కోటు లోపలి జేబుకు గుచ్చి పెట్టిన గుండుసూది బెజ్జాలే ఆ డబ్బు ఎమిల్‌దని రుజువు చేస్తాయి. జుట్టు కడిగి సంపాదించిన తల్లి డబ్బు విలువ కుర్రవాడికి తెలుసు గనకనే ఆ గుండుసూది గుచ్చాడు.

ఈ నవలలో అందరికంటె నాకు ఇష్టమైనవాడు దొంగను చూడనే చూడడు. పిల్లలు పనులు పంచుకున్నప్పుడు ‘చిన్న మంగళవారం’ అనే ముద్దుపేరున్న కుర్రవాడికి ఇంట్లో టెలిఫోను దగ్గర కూర్చునే పని పడుతుంది. ఎవరు ఎక్కడున్నదీ అందరూ అతనికి చెప్పాలి, అతను అందరికీ చెప్పాలి. అందరూ వీధుల్లో సాహసం చేస్తుంటే అతడు టెలిఫోను వదలకుండా కూర్చుంటాడు. వెళ్ళాలని అతనికి లేకపోలేదు. చివర విందులో ఎమిల్ అమ్మమ్మ ప్రత్యేకంగా మెచ్చుకున్నది ఇతన్నే. ఏ ఉద్యమంలోనైనా కరపత్రాలు మడిచినవాళ్ళూ, చందాల లెక్క రాసినవాళ్ళూ వుంటారు. వాళ్ళ గురించి సాహిత్యం రాయటం మనకు చేతకాలేదు. కెస్ట్‌నర్ పదేళ్ళ పిల్లల కోసం రాశాడు.

1933 మే 10న బెర్లినులో నాజీలు పుస్తకాలు తగలబెట్టినప్పుడు ఆ మంటల్లో కెస్ట్‌నర్ పుస్తకాలు కూడా వున్నాయి. ఆయన ఆ గుంపులోనే నిలబడి చూశాడు. తర్వాత కూడా దేశం విడిచి వెళ్ళలేదు. పిల్లలు తమలో తాము పని పంచుకోగలరు, నాయకుడి కోసం ఎదురుచూడనక్కరలేదు అని చెప్పిన రచయితకూ, పిల్లలందరిచేతా ఒకే యూనిఫారం తొడిగించిన ప్రభుత్వానికీ పొత్తు కుదరటం సాధ్యం కాదు.

ఇక మన పుస్తకాల సంగతి. మనవి అంటున్నది సోవియట్ పుస్తకాలను. తెలుగు దేశంలో రెండు మూడు తరాలు వాటితో పెరిగాయి. ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలో ఏళ్ళ తరబడి వుండి తెలుగు చేసిన పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాల్లో టీ ఖర్చుకు దొరికేవి. నున్నటి కాగితం, గట్టి అట్ట, రంగుల బొమ్మలు. అంత చవకగా అంత అందమైన పుస్తకం పేదపిల్లవాడి చేతికి అంతకుముందు రాలేదు. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోవటంతో ఆ రాక ఆగిపోయింది. కొన్నిటిని ‘మంచి పుస్తకం’ సంస్థ తిరిగి అచ్చువేసింది. ఆ కృతజ్ఞత వుంచుకునే, వాటిని విమర్శనాత్మకంగా చదవవలసిన బాధ్యత కూడా మనమీద వుంది.

అర్కాదీ గైదార్ 1940లో రాసిన ‘తిమూర్, అతని దండు’లో పిల్లలు రహస్యంగా పనిచేస్తారు. సైన్యానికి వెళ్ళినవాళ్ళ ఇళ్ళ గేట్లమీద ఎర్ర నక్షత్రం గుర్తు పెట్టి, ఆ ఇళ్ళలో నీళ్ళు నింపుతారు, కట్టెలు పేరుస్తారు. పాత కొట్టం అటకమీద తాళ్ళూ తీగెలూ లాగి, ఒక చక్రం తిప్పితే అందరి ఇళ్ళలోనూ చప్పుడయ్యేటట్టు ఏర్పాటు చేసుకుంటారు. ఆ తాళ్ళకోసం ఏ పిల్లవాడైనా ఈ నవల చదువుతాడు. గైదార్ ఒట్టి మాటల మనిషి కాడు. పధ్నాలుగేళ్ళకే ఎర్రసైన్యంలో చేరాడు. 1941 అక్టోబరులో ఉక్రెయిన్‌లో గెరిల్లాలతో వుండి పోరాడుతూ 37 ఏళ్ళకు చనిపోయాడు. నవల చూసి దేశమంతటా పిల్లలు తిమూరు దళాలు కట్టారు. తర్వాత కాలంలో ఆ దళాలు బడి కార్యక్రమాల్లో భాగమయ్యాయి. రహస్యంగా చేసే పనిలోని ఆనందం, లెక్క చూపించవలసిన పనిలో వుంటుందా? నవల బలం అంతా ఆ పిల్లలకు ఎవరూ ఆజ్ఞ ఇవ్వకపోవటంలో వుంది. ఆజ్ఞగా మారిన తిమూరు ఇంక తిమూరు కాదు.

నికొలాయ్ ఒస్త్రోవ్‌స్కీ నవల ‘కాకలు తీరిన యోధుడు’ విషయంలో నాకు మరింత పేచీ వుంది. చూపు పోయి, కాళ్ళూ చేతులూ స్వాధీనం తప్పి మంచాన పడిన మనిషి, వరసలు కలిసిపోకుండా అట్టముక్కకు గాళ్ళు కోయించుకుని ఆ గాళ్ళలో అక్షరాలు రాస్తూ, అదీ సాధ్యం కానప్పుడు ఇతరులచేత రాయిస్తూ పూర్తి చేసిన నవల అది. 1932-34లో పత్రికలో వచ్చింది. 1936లో 32 ఏళ్ళకు ఆయన మరణించాడు. ఈ చరిత్ర ముందు ఎవరైనా తల వంచవలసిందే. కీవ్ నగరానికి కట్టెలు చేరవెయ్యటానికి చలిలో, ఆకలితో చిన్న రైలుమార్గం వేసే ఘట్టం ప్రపంచ సాహిత్యంలో శ్రమను గురించి వచ్చిన గొప్ప ఘట్టాలలో ఒకటి. అయితే పావెల్ కొర్చాగిన్ తన శరీరాన్ని లెక్క చెయ్యకపోవటమే ఆదర్శమని మనం కుర్రవాళ్ళకు బోధిస్తూ వచ్చాం. జబ్బు చేసినవాడు పని మానటం, అలిసినవాడు కూర్చోవటం ఒక రకం ద్రోహమన్నట్టు మన సంఘాల్లో కొంతకాలం వాతావరణం వుండేది. ఇందులో ఆ నవల తప్పు ఎంత, మన చదువు తప్పు ఎంత అన్నది వాదించవచ్చు. నేనైతే దీన్ని పదహారేళ్ళు దాటినవాళ్ళకే, గోర్కీ చదివిన తర్వాతే ఇవ్వమంటాను. స్వశక్తితో అన్నీ జయించవచ్చునన్న ఆల్జర్ మాటే ఎర్ర చొక్కా తొడుక్కుని వస్తే పోల్చుకునే శక్తి వాళ్ళకు వుండాలి.

ఓటమిని గురించి పిల్లలకు నిజం చెప్పిన నవల ఒకటి వుంది. పోలండులో వైద్యుడు యానుష్ కోర్చాక్ 1920ల తొలి ఏళ్ళలో రాసిన ‘మొదటి మాతియూష్ రాజు’. తండ్రి చనిపోయి బాలుడు రాజవుతాడు. పిల్లలకు పార్లమెంటు పెడతాడు, ఆకుపచ్చ జెండా ఇస్తాడు. పిల్లలు పెద్దవాళ్ళను బడికి పంపి తాము రైళ్ళూ, దుకాణాలూ నడుపుతామని తీర్మానిస్తారు. అంతా తారుమారవుతుంది. శత్రువులు దండెత్తుతారు. రాజు ఓడి, పట్టుబడి, ద్వీపాంతరం వెళతాడు. ఆఫ్రికావాళ్ళను నరభక్షకులుగా చిత్రించిన భాగాలు ఆనాటి యూరపు అహంకారానికి గుర్తు, వాటిని గురించి పిల్లలతో మాట్లాడకుండా ఈ నవల చదివించకూడదు. కాని సంస్కరణ ఎందుకు ఓడిపోయిందో వాళ్ళను ఆలోచించమన్న పుస్తకం నాకు తెలిసి మరొకటి లేదు. కోర్చాక్ వార్సాలో నడిపిన అనాథాశ్రమంలో పిల్లలే న్యాయమూర్తులుగా ఒక న్యాయస్థానం వుండేది. ఆయన తనమీద వచ్చిన ఫిర్యాదులకు కూడా అక్కడ నిలబడేవాడు. 1942 ఆగస్టులో నాజీలు ఆ ఆశ్రమంలోని దాదాపు 200 మంది పిల్లలను ట్రెబ్లింకా మృత్యుశిబిరానికి తరలించినప్పుడు, తాను తప్పించుకునే అవకాశాలు వదులుకుని ఆయన వాళ్ళతో వెళ్ళాడు.

ఉపాధ్యాయులకు విడిగా చెప్పవలసినది చింగీజ్ ఐత్‌మాతవ్ 1962లో ప్రకటించిన ‘తొలి ఉపాధ్యాయుడు’. కిర్గిజ్ పల్లెలో, గుర్రాల కొట్టంలో దుయిషేన్ బడి పెడతాడు. అతనికి వచ్చిన చదువు బహుకొద్ది. గడ్డకట్టే వాగులో పిల్లలను వీపునా చంకనా మోసి దాటిస్తాడు. అతని విద్యార్థిని అల్తినాయ్‌ని పినతల్లి రెండో భార్యగా అమ్మేస్తే పోయి విడిపించి తెస్తాడు. ఆమె పెద్ద విద్వాంసురాలవుతుంది. ఆ ఊళ్ళో కొత్త బడి ప్రారంభోత్సవానికి ఆమె ముఖ్య అతిథి. దుయిషేన్ అప్పటికి ముసలి తపాలా బంట్రోతు. అభినందన తంతులు మోసుకొచ్చి ఇచ్చి, లోపలికి రాకుండా గుర్రమెక్కి వెళ్ళిపోతాడు. లోపల కూర్చున్నవాళ్ళు అతని పాత చదువును తలచుకుని నవ్వుకుంటారు. సోవియట్ వ్యవస్థ తన తొలి మనుషులను ఎట్లా మరిచిపోయిందో ఆ దేశపు రచయితే, ఆ విప్లవం మీద గౌరవంతోనే చెప్పాడు. ఐత్‌మాతవ్ తండ్రి కమ్యూనిస్టు కార్యకర్త. 1937లో అరెస్టయి, 1938లో కాల్చివేయబడ్డాడు. ఆయన్ను పాతిపెట్టిన చోటు కుటుంబానికి 1991లో గాని తెలియలేదు. ఇది తెలిసి చదివితే ఆ తపాలా బంట్రోతు మరింత బరువుగా కనిపిస్తాడు.

జపానులో తెత్సుకో కురొయనాగి 1981లో ప్రచురించిన ‘తొత్తోచాన్’, తెలుగులో ‘రైలుబడి’, అందరికీ తెలిసినదే కాబట్టి ఒక్క విషయం మాత్రం చెబుతాను. రైలుపెట్టెల్లో నడిచిన ఆ బడిలో పొట్టిగా వుండి ఎదగని పిల్లవాడు ఆటల పోటీలన్నిటిలోనూ గెలుస్తాడు. పోటీలను అతనికి అనువుగా హెడ్మాస్టరు కొబయాషి తయారుచేశాడు. బహుమతులు కూరగాయలు. ఇంటికి పట్టుకుపోయి వండుకుని తినటానికి. ఆ బడి 1945లో బాంబుదాడుల్లో తగలబడింది. మన పాఠశాలల్లో క్రీడాదినం నాడు కప్పులు పంచేవాళ్ళు ఆ అధ్యాయం చదివితే బాగుండును.

తెలుగులో ఏం వుంది అని అడుగుతారు. ‘చందమామ’ వుండేది. 1947లో మొదలైన ఆ పత్రికను 1952 నుంచి 1980 దాకా నడిపిన సంపాదకుడు కొడవటిగంటి కుటుంబరావు. నిఖార్సయిన మార్క్సిస్టు, విరసం సభ్యుడు, రాక్షసులూ రాకుమారులూ వున్న పత్రికకు ఇరవై ఎనిమిదేళ్ళు చాకిరీ చేశాడని ముక్కున వేలేసుకున్నవాళ్ళున్నారు. అద్భుతరసం అంటే మనలో కొందరికి వుండే అనుమానం ఇది. దాసరి సుబ్రహ్మణ్యం అందులో రాసిన ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’, ‘శిథిలాలయం’ వంటి ధారావాహికలు చదివి చూడండి. శిఖిముఖీ విక్రమకేసరీ లాగా అక్కడ సాహసం చేసేవాళ్ళు జంటగా వెళతారు, దారిలో తోడు సంపాదిస్తారు, దేవుడు దిగివచ్చి గెలిపించటం అరుదు. చిత్రా బొమ్మలు సరేసరి. చందమామలో భాష ఎంత నిరాడంబరమో, అంత నిరాడంబరంగా రాయటం మన విమర్శకులకు ఈనాటికీ పట్టుబడలేదు.

అయితే కెస్ట్‌నర్ చేసిన పని తెలుగులో దాదాపుగా ఎవరూ చెయ్యలేదు. తల్లి కూలి డబ్బు గుండుసూదితో గుచ్చుకుని గుంటూరులోనో వరంగల్లులోనో బస్సెక్కిన పిల్లవాడి నవల, పత్తిచేలో సీజనంతా పనిచేసి బడికి తిరిగివచ్చిన పిల్ల నవల, రెండు వందల పేజీల నిడివిలో, పిల్లలు నవ్వుకుంటూ చదివేటట్టు రాసినది నన్నడిగితే నేను చూపించలేను. కథలున్నాయి, మంచివే వున్నాయి. నవల లేదు. బాలసాహిత్యం రాసేవాళ్ళు రచయితలుగా లెక్కలోకి రారన్న భావం అభ్యుదయ సంఘాల్లో కూడా వున్నంతకాలం ఎవరైనా పూనుకుని రాస్తారని నేను అనుకోను. అంతవరకు నా వరస ఇది: పదేళ్ళకు ఎమిల్, రైలుబడి, దాసరి ధారావాహికల్లో ఏది దొరికితే అది. పన్నెండు దాటాక తిమూర్, మాతియూష్, ‘నా బాల్యం’. ఐత్‌మాతవ్‌ను ముందు ఉపాధ్యాయుడు చదివి, ఆ తర్వాత విద్యార్థికి ఇవ్వాలి.